8 అని రాసి ఉన్నంత మాత్రాన

ఈమధ్య మా ఇంట్లో ఉప్పూ పప్పూ పాలపాకెట్ల తర్వాత ఎక్కువగా వినబడుతున్న మాట ఓమ్. పూజగదిలోది కాదండోయ్, కరెంటువాళ్ళది. ఓ రోజు మావాడు ఫోనులో స్నేహితుడితో "నాది ఎనిమిది ఓమ్, నీది పదహారు కదా?" అంటుంటే మా అత్తగారు జపం ఆపి, "ఎనిమిదీ పదహారూ ఏమిట్రా, చేస్తే నూటెనిమిది చెయ్యాలి" అన్నారు. వాడు ఫోను పట్టుకుని బాల్కనీలోకి పారిపోయాడు.

ఈసారి రాస్తున్నది ఆ కరెంటు ఓమ్ గురించి. గిటార్ పట్టుకున్న పిల్లలున్న తల్లులకు ఇది డబ్బు మిగిల్చే సంగతి. లేనివాళ్ళూ చదవండి, ఇందులో సగం మా ఇంటి తండ్రీకొడుకుల కథే.

మావారు విద్యుత్ శాఖలో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యారు. అందులో ఎక్కువ కాలం సబ్‌స్టేషన్లలోనే గడిచింది. మావాడు ఇంజనీరింగ్ చదివి, నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, రెండేళ్ళ కిందట మానేశాడు. గిటార్ వాయించి బతుకుతానన్నాడు. పెళ్ళిళ్ళలో సంగీత్‌లు, హోటళ్ళలో శనివారం కచేరీలు, అప్పుడప్పుడూ రికార్డింగులు. మావారు అరవలేదు. అరిచినా బాగుండేది. వాడితో మాట్లాడటం మానేశారు. "వాణ్ణి భోజనానికి రమ్మను." "అమ్మా, నాకు రాత్రి ఆలస్యమవుతుందని నాన్నకి చెప్పు." ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని, మధ్యలో నేను. అటు మాట ఇటు, ఇటు మాట అటు, కాస్త వేడి తగ్గించి అందించడం నా పని.

ఉద్యోగం మానేసినప్పుడు చేతిలో ఉన్న డబ్బుతో వాడు ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఆంప్ కొన్నాడు. లోపల వాల్వులుంటాయి. మా మామగారి కాలంలో వాల్వు రేడియో ఉండేది చూడండి, వేస్తే కాసేపు వేడెక్కి అప్పుడు పలికేది, ఆ జాతే. 20 వాట్లదన్నాడు. 20 వాట్లంటే మా వంటింటి ట్యూబులైటులో సగం కదా అనుకున్నాను. మొదటిసారి వేసి ఒక తీగ మీటాడో లేదో, పై ఫ్లాటువాళ్ళు కిందకి దిగొచ్చారు.

ఆ ఆంప్ ఒక పెట్టె, స్పీకర్ ఉన్న క్యాబినెట్ ఇంకో పెట్టె. రెంటినీ ఒక వైరు కలుపుతుంది. ఆంప్ వెనకాల మూడు కన్నాలుంటాయి, వాటి కింద 4, 8, 16 అని అంకెలు. స్పీకర్ వెనక 8 అని రాసి ఉంటే 8 కన్నంలోనే పెట్టాలి. ఇంతవరకూ ఎవరికైనా అర్థమవుతుంది.

మొన్న మాఘమాసం పెళ్ళిళ్ళలో, ఊరి చివర ఒక ఫంక్షన్ హాల్లో కార్యక్రమం. స్టేజీ సర్దే కుర్రాళ్ళెవరో స్పీకర్ వైరు కనబడక, దాని బదులు గిటార్‌కి పెట్టే వైరు తగిలించారు. రెండిటికీ చివర ఒకేలాంటి పిన్ను. చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. కానీ గిటార్ వైరులో లోపలి తీగ సన్నంగా ఉంటుంది, అది మోయాల్సింది గిటార్ నుంచి వచ్చే చిన్న సంకేతాన్నే. స్పీకర్‌కి వెళ్ళే కరెంటుకి మందమైన వైరు కావాలి. నాలుగో పాటలో ఆ సన్న తీగ తెగింది. శబ్దం ఆగిపోయింది. ఏమైందో అని మావాడు గిటార్ వైపు వెతుకుతూ, అలవాటుకొద్దీ తీగలు గట్టిగా మీటుతూనే ఉన్నాడు. ఇంతలో ఆంప్ నుంచి కాలిన వాసన.

రాత్రి రెండింటికి వచ్చాడు. "ఆంప్ పోయిందమ్మా" అని సోఫాలో కూర్చుండిపోయాడు. లోపలున్న అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలినట్టుంది, కొత్తది బయటి దేశం నుంచి తెప్పించాలి, వారాలు పడుతుంది, పన్నెండు రోజుల్లో రికార్డింగు ఉంది, దానికి అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. ఉద్యోగం మానేశాక వాడికి వచ్చిన పనుల్లో అదే పెద్దది. పడకగది తలుపు ఓరగా తెరిచే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ అన్న మాట లోపలికి వెళ్ళిందని నాకు తెలుస్తూనే ఉంది.

పొద్దున్న మావారు పేపరులోంచి తల ఎత్తకుండా, "ఆ పెట్టె ఓసారి చూడొచ్చేమో అడుగు" అన్నారు. వాడు పక్కనే కాఫీ తాగుతున్నాడు. "చూడొచ్చని చెప్పమ్మా" అన్నాడు.

ఇక్కడ ఒక మాట. ఇలాంటి ఆంప్‌లో 400 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది. మావారు మొదట వాటిని ఒక రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరు పెట్టి చూసుకుని, అప్పుడే చెయ్యి పెట్టారు. తెలియనివాళ్ళు తెరవొద్దు, పిల్లల్ని తెరవనివ్వొద్దు.

ట్రాన్స్‌ఫార్మర్‌లో వాల్వుల వైపు చుట్టు సగం తెగిపోయి ఉంది. స్పీకర్ వైరు తెగితే ఇది ఎందుకు కాలాలి? నాకు అర్థం కాలేదు. స్పీకర్ లేకపోతే భారం తగ్గుతుంది కదా, ఇంకా హాయిగా ఉండాలి కదా? మావారు మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, "ఇది సీటీ లాంటిది" అన్నారు. ఆ మాట నాతో అనలేదు. నేరుగా వాడితో అన్నారు. నేను పోపు మాడబెట్టుకున్నంత పని చేసి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాను.

సీటీ అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్. సబ్‌స్టేషన్లలో పెద్ద కరెంటుని కొలవడానికి వాడతారు. దాని అవతలి కొసలు పొరపాటున కూడా తెరిచి ఉంచకూడదని కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే చెబుతారట. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌కి భారం తీసేస్తే కరెంటు ఆగిపోతుంది, ఏ గొడవా ఉండదు. సీటీ అలా కాదు. వెనక నుంచి కరెంటు తోసుకొస్తూనే ఉంటుంది, దారి మూసేస్తే వోల్టేజి ఆకాశానికి లేస్తుంది. వాల్వులదీ అదే తత్వం. మనం ఎంత కరెంటు అడిగితే అంత తోస్తాయి. వెళ్ళడానికి దారి లేకపోతే వోల్టేజి పెరిగి పెరిగి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మధ్య నిప్పురవ్వ దూకి కాలుతుంది. అందుకే వాల్వు ఆంప్‌ని స్పీకర్ లేకుండా ఎప్పుడూ వాయించకూడదు. ఫెండర్ కంపెనీ పాత ఆంప్‌లలో స్పీకర్ పిన్ను పీకేస్తే ఆ కన్నం లోపలే రెండు కొసలూ కలిసిపోయే ఏర్పాటు ఉంటుంది. మావాడు ఆ సంగతి చెబితే మావారు, "అంతే మరి, సీటీని కూడా అలాగే షార్ట్ చేసి ఉంచుతాం" అన్నారు. రెండేళ్ళలో వాళ్ళిద్దరూ ఏకీభవించిన మొదటి విషయం అదే.

ట్రాన్స్‌ఫార్మర్‌ని మళ్ళీ చుట్టించాలన్నారు మావారు. కోఠీ గుజరాతీ గల్లీ చుట్టుపక్కల ఆయనకు పాత పరిచయాలున్నాయి. కానీ చుట్టేవాడికి లెక్క చెప్పాలి. డైనింగ్ టేబుల్ మీద కాగితం వేసుకుని ఇద్దరూ కూర్చున్నారు.

లెక్క నాకు అర్థమైనంతలో చెబుతాను. ఆ ఆంప్‌లో 6వి6 అనే వాల్వులు రెండున్నాయి. వాటికి ఎదురుగా 6,600 ఓమ్‌ల భారం కనబడితే సుఖంగా పనిచేస్తాయి. స్పీకర్ చూస్తే 8. ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో కూర్చుని, ఆ 8ని వాల్వులకు 6,600లా చూపిస్తుంది. 6,600ని 8తో భాగిస్తే 825, దాని వర్గమూలం 28.7. అంటే స్పీకర్ వైపు ఒక చుట్టుంటే వాల్వుల వైపు సుమారు 28.7 చుట్లుండాలి. 16 కన్నానికి 20.3, 4 కన్నానికి 40.6. ఈ రెండు చుట్లూ ఒకదానికొకటి తగలవు, పక్కపక్కనే ఉంటాయి, అయినా ఇటు సంగతి అటు చేరుతుందని మావారు నాకు వివరించబోయారు. ఆ ఉద్యోగం రెండేళ్ళుగా నేనే చేస్తున్నానండీ, నాకు చెప్పక్కర్లేదు అన్నాను. ఇద్దరూ తల దించుకుని లెక్క చూసుకున్నారు.

ఈ లెక్కతో ఇంకో సంగతి తెలిసిపోతుంది. 8 కన్నంలో 16 స్పీకర్ పెడితే వాల్వులకు 13,200 కనబడుతుంది. బలం తగ్గుతుంది, వోల్టేజి ఎగిరే ప్రమాదం పెరుగుతుంది. అదే కన్నంలో 4 పెడితే 3,300 కనబడుతుంది. వాల్వుల మీద కరెంటు భారం పెరిగి త్వరగా అరుగుతాయి. రెండింటిలోనూ ధ్వని కూడా మారుతుంది. ఒక మెట్టు తేడాని తట్టుకునే ఆంప్‌లు ఉన్నాయి గానీ, మన ఆంప్ తట్టుకుంటుందో లేదో పరీక్షించడానికి కచేరీ స్టేజీ సరైన చోటు కాదు.

వారం తిరక్కుండా ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించి తెచ్చారు, బిగించారు, ఆంప్ పలికింది. ఇక్కడితో ఆగిపోతే ఇంత రాసేదాన్ని కాదు. అసలు వాదన అప్పుడే మొదలైంది.

రికార్డింగుకి మావాడు స్నేహితుడి క్యాబినెట్ తెచ్చుకున్నాడు. అదీ 8 ఓమ్‌లదే. కానీ దానితో ధ్వని వేరేగా ఉంది. వాడిది పలచగా, విప్పారినట్టు ఉంటే, ఇది బిగుతుగా, గుండె మీద తట్టినట్టు ఉందన్నాడు. మావారు ఒప్పుకోలేదు. స్పీకర్ వేరైతే వేరు, కానీ స్పీకర్ తయారీ రకం కూడా ఒకటే కదా. ఓమ్ ఓమే, వాటు వాటే, మిగతాది చెవి భ్రమ అన్నారు. మావాడు ఇంకో సాక్ష్యం తెచ్చాడు. ఫ్లాట్లలో వాయించలేక వీళ్ళు ఒక ఉపాయం చేస్తారు. స్పీకర్ బదులు 8 ఓమ్‌ల పెద్ద రెసిస్టర్ పెట్టి, ధ్వనిని కంప్యూటర్‌లోకి తీసుకుంటారు. అప్పుడు పక్కవాళ్ళకేమీ వినబడదు. కానీ అలా తీసిన ధ్వని ఉప్పులేని పప్పులా ఉంటుందట. "అదీ ఎనిమిదే, ఇదీ ఎనిమిదే. అయితే ఎందుకలా ఉంది నాన్నా?"

మావారికి ఇలాంటి ప్రశ్న వేస్తే రాత్రి నిద్రపట్టదు. మర్నాడు సాయంత్రం అటక మీంచి తన పాత స్టీరియో ఆంప్ దించారు. మీటరు తీసుకొచ్చారు. ముందుగా స్పీకర్ రెండు కొసలకీ మీటరు పెడితే 6.6 చూపించింది. "ఇదిగో, ఎనిమిది కూడా కాదు" అన్నారు. అది తీగకున్న నిరోధం మాత్రమే, కదలకుండా పడుకున్న స్పీకర్‌ది. పాట వెళ్తున్నప్పటి సంగతి వేరు. తీగచుట్ట అయస్కాంతం మధ్యలో ముందుకీ వెనక్కీ ఊగుతుంటే అది తిరిగి కరెంటుని ఎదురు తోస్తుంది. ఆ మొత్తం ఎదురుతోపునే ఇంపిడెన్స్ అంటారు.

దాన్ని కొలిచిన పద్ధతి మా ఇంటిల్లిపాదికీ పని కల్పించింది. మావాడు ఫోనులో ఒక్కో స్వరాన్ని పుట్టిస్తాడు. అది స్టీరియో ఆంప్‌లోకి వెళ్ళి, 1,000 ఓమ్‌ల రెసిస్టర్ దాటి, స్పీకర్‌కి చేరుతుంది. మావారు స్పీకర్ కొసల దగ్గర వోల్టేజి చదువుతారు. ముందే 10 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి మీటరులో 100 మిల్లీవోల్టులు వచ్చేలా సర్దుకున్నారు. కాబట్టి 80 వస్తే 8 ఓమ్‌లన్నమాట. చదివినదాన్ని నేను పాలలెక్క పుస్తకంలో వెనకపేజీ నుంచి రాశాను. గిటార్ లావు తీగ సుమారు 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, దాని పక్క తీగ 110 దగ్గర. మేం 50 నుంచి మొదలుపెట్టాం.

50 దగ్గర 14 ఓమ్‌లు. 80 దగ్గర 36. మావారు మీటరుని తట్టి మళ్ళీ చదివారు. 95 దగ్గర 62. "తప్పుంది" అన్నారు. వైర్లు విప్పి మళ్ళీ బిగించారు. మళ్ళీ 62. 120 దగ్గర 30కి దిగింది, 200 దగ్గర 12, 400 దగ్గర కచ్చితంగా 8. తర్వాత మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది. 1,000 దగ్గర 10, 3,000 దగ్గర 19, 5,000 దగ్గర 28. అంత పైస్వరాల్లో తన మీటరు అంకె మీద గట్టి నమ్మకం లేదు గానీ, ఎక్కుతోందన్నది మాత్రం ఖాయం అన్నారు.

అంకెల్ని గ్రాఫు కాగితం మీద గీస్తే, ఎడమ పక్కన ఒక నిటారు కొండ, మధ్యలో లోయ, కుడి పక్కన మెల్లగా ఎక్కే ఏటవాలు. స్పీకర్ వెనక 8 అని రాసింది ఆ లోయ అడుగున ఉన్న అంకె. కొండ ఎందుకంటే, ప్రతి స్పీకర్‌కీ తనంతట తాను ఊగడానికి ఇష్టపడే స్వరం ఒకటుంటుంది. ఆ స్వరం దగ్గర బాగా ఊగి, ఎదురు తోపు కూడా బాగా తోస్తుంది. ఏటవాలు ఎందుకంటే, తీగని చుట్టగా చుడితే అది పైస్వరాల్ని సులువుగా పోనివ్వదు.

మావారు కాగితం వైపు చాలాసేపు చూసి, "మరి 8 అని ఎందుకు రాశారు?" అన్నారు.

"నామినల్ నాన్నా."

"నామమాత్రం" అన్నారు ఆయన.

అప్పుడు స్నేహితుడి క్యాబినెట్ కూడా కొలిచారు. దానికి వెనక చెక్క పూర్తిగా మూసి ఉంది. మావాడిది వెనక సగం తెరిచి ఉంటుంది. మూసిన పెట్టెలో ఇరుక్కున్న గాలి స్ప్రింగులా పనిచేసి స్పీకర్‌ని బిగించి పడుతుంది. దాంతో ఆ కొండ 95 నుంచి 125 దాకా పక్కకి జరిగింది. లోయ మాత్రం అక్కడే ఉంది, అదీ 8. మావాడి చెవికి వినబడిన తేడాలో ఒక భాగం గ్రాఫు మీదే కనబడింది. మిగతాది ఆ చెక్కపెట్టె శబ్దాన్ని గదిలోకి ఎలా వదులుతుందన్నది.

ఇక ఆఖరి ప్రశ్న. ఓమ్‌లు మారితే ధ్వని ఎందుకు మారాలి? దీనికి వాల్వు ఆంప్‌నీ, అటక మీద నుంచి దించిన ట్రాన్సిస్టర్ స్టీరియోనీ పక్కపక్కన పెట్టి చూశారు. స్టీరియోలో 400 దగ్గర 1 వోల్టు పెట్టి, స్వరం మార్చుకుంటూ పోతే మీటరు దాదాపు 1 దగ్గరే నిలబడింది. స్పీకర్ 8 ఓమ్‌లున్నా 62 ఓమ్‌లున్నా దానికి పట్టలేదు. వాల్వు ఆంప్‌కి, టోన్ బటన్లు దాటించి వెనక కన్నం నుంచి నేరుగా, అదే 1 వోల్టు పెట్టారు. 95 దగ్గర 3 దాటింది. 3,000 దగ్గర 2కి వచ్చింది.

నేనప్పుడు నా భాషలో చెప్పాను. ట్రాన్సిస్టర్ ఆంప్ కేటరింగ్‌లో వడ్డించేవాడు. ఎవరి ఆకులోనైనా అదే గరిటెడు. వాల్వు ఆంప్ మా అమ్మమ్మ. వద్దన్నకొద్దీ ఇంకాస్త వేస్తుంది. స్పీకర్ ఎక్కడ ఎక్కువ ఎదురు చెబితే అక్కడ ఎక్కువ వోల్టేజి వడ్డిస్తుంది. దాంతో కిందిస్వరాల్లో ఆ కొండ దగ్గర గుండ్రని బలం, పైస్వరాల్లో మెరుపు వాటంతట అవే వస్తాయి. రెసిస్టర్ పెట్టినప్పుడు కొండ లేదు, ఏటవాలు లేదు, అంతా చదును. అందుకే ఉప్పులేని పప్పు. ఇప్పుడు దీనికోసమే తీగచుట్టలు, కెపాసిటర్లు కలిపి స్పీకర్ కొండనీ ఏటవాలునీ అనుకరించే పెట్టెలు వస్తున్నాయి, వాటిని రియాక్టివ్ లోడ్ అంటారు. అన్ని వాల్వు ఆంప్‌లూ మా అమ్మమ్మ అంత మొండివి కావు. అవుట్‌పుట్‌లో కొంత తీసి వెనక్కి ఇచ్చే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఉన్నవి ఇద్దరికీ మధ్యలో ఉంటాయి. మావాడి దాంట్లో అది లేదు.

పిల్లలు అడుగుతారు కాబట్టి ఇంకొంచెం రాసేస్తాను. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు పక్కపక్కన కలిపితే 4 అవుతుంది, వరసగా కలిపితే 16. పెద్ద మార్షల్ క్యాబినెట్లలో 16 ఓమ్‌ల స్పీకర్లు నాలుగు పెట్టి, రెండేసి జతలు చేసి కలిపి మళ్ళీ 16కే తెస్తారు. ఒకే రకం స్పీకర్లయితే అంకె మారినా కొండా లోయా ఆకారం మారదు. ఆంప్‌లో దానికి తగ్గ కన్నం ఎంచుకుంటే ధ్వని ఇంచుమించు అదే. కాబట్టి 16 మంచిదా 8 మంచిదా అని బెంగపెట్టుకోనక్కర్లేదు. స్పీకర్ రకం, పెట్టె తీరు ఇంతకన్నా చాలా ఎక్కువ తేడా చేస్తాయి. ట్రాన్సిస్టర్ ఆంప్‌లకు పథ్యం వేరు. వాటికి స్పీకర్ లేకపోయినా సాధారణంగా ఫరవాలేదు, ఎక్కువ ఓమ్‌లు పెడితే శబ్దం కాస్త తగ్గుతుంది, అంతే. వెనక రాసినదానికంటే తక్కువ పెడితే మాత్రం కరెంటు ఎక్కువ లాగి కాలిపోతాయి. వాల్వుకి తెరిచి ఉంచడం విషం, ట్రాన్సిస్టర్‌కి మరీ తగ్గించడం విషం. ఇంట్లో ఏది ఉందో ముందు కనుక్కోండి. స్పీకర్ వైరుకి ఎర్ర టేపు చుట్టి ఉంచండి.

ఈ ఇంపిడెన్స్ అన్న మాట ఎవరు పెట్టారా అని ఆ రాత్రి చదివాను. 1886లో ఆలివర్ హెవిసైడ్ అనే ఇంగ్లీషాయన. చిన్నప్పుడు జ్వరం వచ్చి చెవులు సరిగా వినబడేవి కావట. పదహారేళ్ళకే బడి ఆగిపోయింది. టెలిగ్రాఫ్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ, 1874లో, 24 ఏళ్ళకి, మానేసి తల్లిదండ్రుల ఇంటికొచ్చి కూర్చున్నాడు. మళ్ళీ ఉద్యోగమే చెయ్యలేదు. గదిలో కూర్చుని లెక్కలు వేసుకున్నాడు. 1891లో రాయల్ సొసైటీ వాళ్ళు పిలిచి సభ్యత్వమిచ్చారు. ఈ రోజు కరెంటు చదివే ప్రతివాళ్ళూ ఆయన పెట్టిన మాటలే వాడతారు.

మర్నాడు భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. అత్తగారు "పాపం, వినబడేది కాదా" అన్నారు. మావాడు పళ్ళెంలోకి చూస్తూ తింటున్నాడు. మావారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వాళ్ళ నాన్న ఏం చేసేవాడు?" అన్నారు.

"చెక్క మీద బొమ్మలు చెక్కి అచ్చు వేసేవాడట. పెద్ద డబ్బున్నవాడేం కాదు."

"ఊఁ" అన్నారు. కాసేపాగి, "పెరుగు ఇటివ్వు" అన్నారు. ఆ మాట నాతో కాదు, గిన్నె వాడి పక్కనుంది.

రికార్డింగు అయింది. వాడు సొంత క్యాబినెట్‌నే తీసుకెళ్ళాడు, తెరిచిన వెనకభాగంతో వచ్చే ధ్వనే ఆ పాటకి నప్పిందట. ఇప్పుడు దాని వెనక మావారు ఒక కాగితం అంటించారు. సబ్‌స్టేషన్ లాగ్‌బుక్కులో రాసే దస్తూరీతో, కొలిచిన తేదీ, మీటరు పెడితే 6.6, కొండ 95 దగ్గర 62, లోయ 400 దగ్గర 8, కింద ఎర్ర సిరాతో "స్పీకర్ కలపకుండా ఆన్ చేయరాదు". బ్యాండు పిల్లలు చూసి నవ్వుతారట. నవ్వినా, చదివే తగిలిస్తారట.

ఉద్యోగం సంగతి మాత్రం తేలలేదు. నెలకి ఎంత వస్తోంది, పెళ్ళి సంబంధం వస్తే ఏం చెప్పాలి, ఇన్సూరెన్స్ ఏది అని మావారు అడుగుతూనే ఉన్నారు. వాడు చెప్పినవాటిలో కొన్నిటికి ఆయన దగ్గర జవాబు లేదు, ఆయన అడిగినవాటిలో కొన్నిటికి వాడి దగ్గర లేదు. నిన్న రాత్రి పదకొండు దాటినా హాల్లో గొంతులు లేస్తూనే ఉన్నాయి. మధ్యలో ఎవరూ "ఏమోయ్" అనిగానీ "అమ్మా" అనిగానీ పిలవలేదు. నేను దీపం ఆర్పుకుని పడుకున్నాను.